తవిటమ్మ గెల దించి వెళ్ళిన ఆదివారం

రెండువేల ఆరో సంవత్సరం, నవంబరు నెల. సుమ్మాదేవి స్టేషను వెనక జీడితోటల అంచున ఉన్న చిన్న ప్రార్థన మందిరంలో ఆ ఆదివారం కోత పండుగ. తవిటమ్మకు తెల్లవారుజాము నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు మొదటి కాపు కాసింది. తొంభై తొమ్మిది తుపానుకి ఉన్న చెట్లన్నీ కూలిపోతే, మోడు తవ్వి తీసిన గోతిలోనే నాటిన మొక్క అది. దాని తొలి గెల దేవుడికే ఇస్తానని ఆమె తొలి పూత పొత్తి విచ్చిన రోజునే చెప్పుకుంది.

మొగుడు ధర్మారావు చెట్టెక్కి గెలకు తాడు కడుతుంటే, ఆమె కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకే చూసింది.

"నెమ్మదిగా దించు మావా. ఒక్క కాయ రాలినా ఊరుకోను."

"రాలితే నీ నెత్తి మీదే రాల్తాది. పక్కకి జరుగు ముందు," అన్నాడతను.

తవిటమ్మకు నలభై దాటాయి. పలాసలో జీడిపప్పు బట్టీకి పనికి వెళ్ళేది. ఏళ్ళ తరబడి పిక్కలు కొట్టడంతో వేళ్ళు నల్లబడిపోయాయి. ఎంత బూడిద రాసుకుని పనిలో కూర్చున్నా జీడినూనె మరక చర్మంలోకి దిగిపోతుంది. ఆ నల్లటి వేలినే అక్షరం మీద పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని వాక్యం చదివేది. చదువు నేర్పింది కూతురు సుధారాణి. పిల్ల బడి నుంచి రాగానే తల్లి పలక పట్టుకుని ఎదురుగా కూర్చునేది. గుణింతాలు వచ్చాక ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. బస్సు మీద బోర్డు, సబ్బు మీద కాగితం, గోడ మీద ఎన్నికల రాతలు, కనబడిందల్లా చదివేసేది. చివరికి తనకు కావలసిన పుస్తకం దగ్గరికి వచ్చి ఆగింది.

బైబిలు ఆమె ఎక్కువ చదవదు. పొద్దున్నే పొయ్యి అంటించి, గంజి ఉడికేలోపు నాలుగైదు మాటలు చదువుతుంది. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఇది నాతోనే అంటున్నావా? నాతోనే అయితే ఏటి సెయ్యమంటావు?" అని అడుగుతుంది. జవాబు ఒక్కోసారి అక్కడే తోస్తుంది. ఒక్కోసారి బట్టీలో పిక్క మీద దెబ్బ వేస్తుండగా తోస్తుంది. తోచిందంటే ఇక ఆగదు. దానం చేసేటప్పుడు చాటించుకోవద్దన్న మాట చదివిన వారం, ఎదురింటి ముసలమ్మ ధనలక్ష్మి కుండల్లో ఎవరికీ తెలియకుండా నీళ్ళు నింపడం మొదలుపెట్టింది. ఆ ముసలమ్మ తన ఇంట్లో దయ్యం తిరుగుతోందని బెదిరిపోయి, ఊరంతా చెప్పి, సాంబ్రాణి పొగ వేయించింది. తవిటమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని, మర్నాడు మళ్ళీ నింపింది.

అలాంటి తవిటమ్మకు మందిరంలో మంచి పేరుండేది. ఆ పేరు ఎక్కువగా ఆమె చెప్పే సాక్ష్యం వల్ల వచ్చింది. కంచిలి అవతలి పల్లెలో ఉన్న తన అన్న నూకయ్య, తాను క్రీస్తును నమ్ముకున్నందుకు ఊరి జనం ముందే "నువ్వు నాకు సెల్లివి కాదు, ఎల్లిపో" అని గెంటేశాడనీ, పుట్టింటి గడప పోయినా తాను విశ్వాసం విడవలేదనీ ఆమె చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. మగవాళ్ళు స్తోత్రం అనేవారు. ఏడేళ్ళుగా ఆమె ఆ కథ చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ గొంతు అదే చోట వణికేది.

ఆ ఆదివారం పొద్దున ఆమె చదివింది, కొండ మీద ప్రభువు చెప్పిన మాటల్లో ఒకటి. బలిపీఠం ముందు అర్పణ పెట్టబోతూ, నీ సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్ళి అతనితో సమాధానపడమన్న మాట. తవిటమ్మ కళ్ళు మూసుకుంది. ఎప్పటిలాగే అడిగింది. అన్న గుర్తొచ్చాడు. "ఆడిని నేను ఎప్పుడో క్షమించేసినాను గదా ప్రభువా," అనుకుంది. గంజి పొంగింది. లేచి వెళ్ళిపోయింది.

మందిరం ఆ రోజు తిరనాళ్ళలా ఉంది. మామిడాకుల తోరణాలు, గుమ్మడికాయలు, వరికంకుల కట్టలు, బుట్టల్లో కోళ్ళు. టెక్కలి నుంచి సంఘం పెద్దలు కూడా వచ్చారు. గెల నెత్తిన పెట్టుకుని తవిటమ్మ వరసలో వస్తుంటే జనం తలలు తిప్పి చూశారు. పాస్టరు లోకనాథం నెమ్మదైన మనిషి. ఆమెను చూసి నవ్వి, "తవిటమ్మా, అర్పణ పెట్టే ముందు నీ సాక్ష్యం చెప్పమ్మా. టెక్కలి వాళ్ళు వినలేదు," అన్నారు.

గెలను ఒక చేత్తో పట్టుకునే తవిటమ్మ జనం వైపు తిరిగింది. ఉత్సాహంగా మొదలుపెట్టింది. తుపాను గురించి చెప్పింది. ఇల్లు కూలిపోవడం, పిల్లల్ని చంకన పెట్టుకుని బడిలోకి పరుగెత్తడం చెప్పింది. "దేవుడు మమ్మల్ని కాపాడినాడు. అప్పుడు మా అన్న..." అంది.

అక్కడ ఆగిపోయింది.

తర్వాతి మాట ఎప్పుడూ "నన్ను గెంటేసినాడు" అనే. ఏడేళ్ళుగా అదే. ఆ రోజు మాత్రం నోట్లోంచి ఊడిపడలేదు. పొద్దున వేలు పెట్టి చదివిన మాట ఎవరో చెవిలో మళ్ళీ చదివినట్టయింది. నీకు నీ సోదరుడి మీద ఏదైనా ఉంటే అని కాదు అక్కడున్నది. నీ సోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే అని ఉంది. తనకు అన్న మీద ఉన్నదాన్నే ఇన్నాళ్ళూ పట్టుకు తిరిగింది. అన్నకు తన మీద ఏముందో ఒక్కసారైనా అడగలేదు.

ఏముందో ఆమెకు తెలియకపోతే కదా.

తుపాను తగ్గిన వెంటనే, రైళ్ళు ఆగిపోయి రోడ్డంతా చెట్లు పడి ఉంటే, నూకయ్య పట్టాల వెంట నడుచుకుంటూ సుమ్మాదేవి వచ్చాడు. బడిలో చెల్లెలిని చూసి గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. ఆమె బతికి ఉంటే ఊరికి భోజనాలు పెడతానని దారిలోనే ఊరి అమ్మవారికి మొక్కుకున్నాడు. కాస్త తేరుకున్నాక తన ఊళ్ళో ఆ భోజనాలు పెట్టి, చెల్లెలిని పిలిచి, తన చేత్తోనే విస్తరి వేసి వడ్డించాడు. అప్పటికి తవిటమ్మ బాప్తిస్మం తీసుకుని ఆరు నెలలు కాలేదు. మొక్కుబడి అన్నం తాను తిననని వదినతో చెవిలో చెప్పుకోవచ్చు. అలా చెయ్యలేదు. నలుగురిలో లేచి నిలబడి, "నన్ను బతికించింది మీ రాయి కాదు, నా దేవుడు," అని, అన్న వడ్డించిన విస్తరిని కాలితో పక్కకు తోసింది.

ఆ సంగతి ఆమె సాక్ష్యంలో ఎప్పుడూ లేదు.

మందిరంలో జనం ఇంకా ఆమె వైపే చూస్తున్నారు. తవిటమ్మ గెలను నెమ్మదిగా అర్పణల బల్ల ముందు నేల మీద పెట్టింది. ఒళ్ళంతా వేడెక్కిపోయింది. భయం కాదు, సిగ్గు ఒక్కటే కాదు. ఎక్కడికి పోవాలో తెలిసిపోయినప్పుడు కలిగే తొందర.

"పాస్టరుగారూ, దీన్ని ఎవరూ కదపొద్దు. నేను మా అన్న కాడికి ఎల్లొత్తాను," అంది.

"ఇప్పుడా? ఆరాధన అయ్యాక వెళ్దువుగాని, తవిటమ్మా."

"ముందు ఎల్లమనే ఉన్నాదండి. నేనే పొద్దున్న సరిగ్గా సదవనేదు."

లోకనాథం గారు బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం వైపు చూసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

ఆమె బయటికి వచ్చేసరికి బరంపురం వైపు పోయే పాసింజరు కూత వినబడింది. పరుగెత్తింది. వెనకాల ధర్మారావు ఆమె చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తాడు. రైలు కదులుతుండగా ఆమె ఎక్కితే, కిటికీలోంచి చెప్పులు లోపలికి విసిరాడు. ఎక్కడికని అడగలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ముఖం అంత వెలుగుతుండడం తాను చూడలేదని తర్వాత అందరితో చెప్పుకున్నాడు.

సోంపేట స్టేషనులో దిగి, కంచిలి దాటి, ఆటో మలుపు దగ్గర వదిలేస్తే అక్కడి నుంచి ఇసక బాటలో సగం నడిచింది, సగం పరుగెత్తింది. దారి పొడుగునా అన్నతో ఏం చెప్పాలో కూర్చుకుంటోంది. కూర్చిన ప్రతి మాటలోనూ ఎక్కడో తన తప్పు కాస్త చిన్నదవుతోంది. చివరికి విసుగొచ్చి, "ప్రభువా, నువ్వే సెప్పించు. నాకు రాడం నేదు," అని వదిలేసింది.

అన్న ఇంటి వాకిట్లో వదిన రత్నాలమ్మ కొబ్బరి ఈనెలు చీరుతోంది. ఆడపడుచుని చూసి చేతిలో కత్తి ఆగిపోయింది.

"వదినా, అన్నాయి ఇంట్లో నేడా?"

"మద్రాసు పనికి జనాన్ని తీసుకుని టేసనుకి ఎల్లిపోనాడు. మేస్త్రీ గదా, ఆడే ముందుండాల. మళ్ళీ ఏసంగికే రావడం." రత్నాలమ్మ గొంతు పొడిగా ఉంది. "ఏటి, ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?"

"నేను ఆ రోజు ఇస్తరి తోసినాను వదినా. ఆడికి సెప్పుకోవాల. నీకూ సెప్పుకోవాల. అన్నం వండింది నువ్వే గదా."

రత్నాలమ్మ చేతిలో ఈనెలు కింద పడ్డాయి. ముఖం ఒక్కసారి ముడుచుకుపోయి, మళ్ళీ విచ్చుకుంది. ఆ వంట కోసం తాను మూడో జామునే లేచిన సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ తలచుకోలేదు. కళ్ళు తుడుచుకుని లేచి, పక్కింటి గోడ మీదుగా కేక వేసింది.

"నారాయణరావు బావా, నీ మోపెడ్డు తియ్యి. మా ఆడపడుచుని టేసనులో దింపాల. బండి వచ్చీస్తాది."

నారాయణరావు కిరాణా కొట్టు నడిపే లావుపాటి మనిషి. అప్పుడే అన్నం తిని పడుకోబోతున్నాడు. రత్నాలమ్మ అరుపుకి బనీను మీదే వచ్చి బండి తీశాడు. ఇసకలో చక్రం దిగబడినప్పుడల్లా తవిటమ్మ దిగి తోసేది, బండి కదలగానే మళ్ళీ ఎగిరి కూర్చునేది. జీడితోటల్లో పని చేసేవాళ్ళు పనులాపి చూశారు. "ఎవులికేటయినాదీ?" అని ఒకావిడ అరిస్తే, "ఎవులికీ ఏటీ అవనేదు, మంచికే ఎల్తన్నాం," అని తవిటమ్మ వెనక్కి తిరిగి చెప్పింది. ఆ మాట అనగానే ఆమెకు నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు. నవ్వుతూనే స్టేషను చేరింది.

ప్లాట్‌ఫారం మీద మూటలు, బకెట్లు, తాపీ సామాన్ల మధ్య నూకయ్య నిలబడి మనుషుల్ని సర్దుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. బండి దూరంగా మలుపు తిరిగి కనబడింది.

"అన్నాయ్," అంది తవిటమ్మ.

అతను చూశాడు. చూసి, ముఖం తిప్పుకుని, "ఒరే, మూటలు ముందు ఎక్కించండర్రా," అన్నాడు పక్కవాళ్ళతో.

ఆమె ముందుకు వచ్చి అతని ఎదుట నిలబడింది. దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు.

"అన్నాయ్, నా మీద నీకున్నాది సెప్పు. నేను నా మాట సెప్పుకోడానికి రానేదు. నీ మాట ఇనడానికొచ్చినాను."

బండి వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. నూకయ్య తన మనుషుల్ని ఒక్కొక్కరినే జనరల్ పెట్టెలోకి నెట్టాడు. తాను కూడా మెట్టెక్కాడు. ఆమె కిందే నిలబడి ఉంది.

"బండి కదిలిపోయే ఏళకొచ్చి సెప్పమంటావేటే," అన్నాడు. కోపంగానే అన్నాడు. కూత వేసింది. పెట్టె మెల్లగా కదిలింది. నూకయ్య ఒక చేత్తో ఊచ పట్టుకుని, రెండో చెయ్యి చాపాడు. "ఎక్కు. పలాస కాడ దిగిపోదువు. ఒక్క మాటతో అయ్యీది కాదు."

తవిటమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కేసింది.

తలుపు దగ్గర మూటల మీద కూర్చుని నూకయ్య చెప్పాడు. బారువా దాటింది, మందస రోడ్డు దాటింది, అతను చెబుతూనే ఉన్నాడు. పట్టాల వెంట నడుస్తూ దారిలో కనబడ్డ ప్రతి గుంపు దగ్గరా ఆగి చెల్లెలి పేరు అడిగిన సంగతి చెప్పాడు. తండ్రి పోయినప్పుడు చిన్నపిల్లగా ఉన్న ఆమెను భుజం మీద కూర్చోబెట్టుకుని పెంచిన సంగతి చెప్పాడు.

"నీ దేవుడు నీకుండనీ. నేను వద్దన్నానా? నేను మొక్కుకున్నాది నీ ఊపిరి కోసం. దాన్ని కాలితో తన్నీసినావు. జనం నవ్వినారు. ఆ నవ్వు ఇప్పటికీ నా సెవుల్లో ఉన్నాది."

మధ్యలో ఎన్నోసార్లు తవిటమ్మ నోటి దాకా జవాబు వచ్చింది. కాలితో తన్నలేదు, తోశాను అనాలనిపించింది. నువ్వు కూడా గెంటేశావు కదా అనాలనిపించింది. అనిపించినప్పుడల్లా పళ్ళ వెనక నాలుక నొక్కిపెట్టి, "ప్రభువా, ఇననీ, నన్ను ఇననీ," అని లోపల్లోపలే అడుక్కుంది. విన్నకొద్దీ అన్న చిన్నప్పటి అన్నలా దగ్గరవుతున్నాడు. గుండెలో బరువు దిగిపోతోంది.

అతను ఆగాక అంది. "దేవుడి కోసం మాట్లాడినాననుకున్నాను అన్నాయ్. నలుగుర్లో గొప్ప కోసం మాట్లాడినాను. నా నమ్మకం మారదు. మొక్కుబడి అన్నం ఇప్పుడు కూడా తినను. గాని నువ్వేసిన ఇస్తరిని తొయ్యడం తప్పు. ఆ తప్పు దాసిపెట్టి, నువ్వు గెంటేసినావని ఊరూరా సెప్పుకోడం ఇంకా పెద్ద తప్పు."

నూకయ్య బయటికి చూస్తూ కూర్చున్నాడు. సుమ్మాదేవి స్టేషను ఆగకుండానే వెనక్కి పోయింది. వీళ్ళనే చూస్తున్న ఒక కూలీ ఉండబట్టలేక, "ఎవులు మేస్త్రీ ఈవిడ?" అని అడిగాడు.

"మా సెల్లి," అన్నాడు నూకయ్య. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఇయ్యాలే ఎందుకొచ్చినావు?"

పొద్దున చదివిన మాటను ఆమె చెప్పింది. గెలను బల్ల ముందు పెట్టి వచ్చేశానని చెప్పింది.

"మీ పుస్తకంలో అలగుందా?"

"ఉన్నాది."

"మరి ఏడేళ్ళు పట్టిందేటే, సదవడానికి?"

తవిటమ్మ పకపకా నవ్వింది. నూకయ్య కూడా నవ్వాడు. విషయం తెలియని కూలీలు కూడా నవ్వారు. పలాస వచ్చేసరికి పెట్టెంతా వాళ్ళ మాటలే. దిగేటప్పుడు నూకయ్య, "మీ వదిన ఒక్కత్తీ ఉంటాది. ఎల్తుండు," అన్నాడు. బండి కదిలాక కూడా తలుపులోంచి చెయ్యి లోపలికి తీసుకోలేదు.

పొద్దు వాలుతుండగా ఆమె మందిరానికి చేరింది. అర్పణల వేలంపాట అయిపోయింది, భోజనాలు అయిపోయాయి, అయినా సగం మంది వెళ్ళలేదు. గెల పెట్టినచోటే ఉంది. తవిటమ్మ నేరుగా ముందుకు వెళ్ళి, ఏడేళ్ళుగా చెప్పని సగం కథ చెప్పింది. విస్తరి సంగతి దాచలేదు. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. టెక్కలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎవరికీ చెప్పకుండా లేచి బస్సుకి వెళ్ళిపోయాడు. తనకు కూడా ఒక తమ్ముడున్నాడని తర్వాతెప్పుడో పాస్టరుతో అన్నాడట. లోకనాథం గారు గెల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. తవిటమ్మ వంగి, రెండు చేతులతో దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టింది.

నూకయ్య వేసవికి తిరిగి వచ్చాడు. అతను మందిరంలో అడుగు పెట్టలేదు, ఆమె మొక్కుబడి భోజనం తినలేదు. కాని ఆ ఇంట్లో ఏ పండుగ వచ్చినా, నైవేద్యం పెట్టకముందే ఆడపడుచు కోసం అన్నం తీసి పక్కన ఉంచడం రత్నాలమ్మకు అలవాటైపోయింది. క్రిస్మసుకి మందిరం ముందు పందిరికి కొబ్బరాకులు కంచిలి నుంచే వచ్చేవి.

అవన్నీ తర్వాతి సంగతులు. కోత పండుగ మర్నాడు, సోమవారం తెల్లవారుజామున తవిటమ్మ ఎప్పటిలాగే పొయ్యి అంటించింది. నల్లటి వేలు పెట్టి తర్వాతి మాట చదివింది. నీతో వివాదం ఉన్నవాడితో దారిలో ఉండగానే త్వరగా రాజీపడమని ఉంది. ఆమె పెద్దగా నవ్వేసింది. ధర్మారావు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"మళ్ళీ ఏటయినాదే? ఇయ్యాల ఎక్కడికి?"

"బట్టీకే మావా," అంది ఆమె, కొంగు బిగించి గంజి దించుతూ. బట్టీలో కిటికీ పక్క చోటు కోసం తగువాడుకుని, వానాకాలం నుంచి పెద్దతల్లి అనే తోటి కూలీకీ తనకూ మాటల్లేవు. "గాని కొంచెం బేగి ఎల్తాను. దారిలో పెద్దతల్లి ఇల్లున్నాది."